ఆమె పాదాలకు దారిచ్చిన పైపు

మా ఆవిడకు ఎండ పడదు. హైదరాబాదులో ఈ మాట ఎవరితో అన్నా, ఎవరికి మాత్రం పడుతుందిలే అని నవ్వేస్తారు. ఆ నవ్వుకు జవాబు చెప్పే ఓపిక లేక చాలాకాలం నేను ఎవరితోనూ అనలేదు.

పడకపోవడమంటే చెమటలు పట్టి విసుక్కోవడం కాదు. ఆమెది నరాల జబ్బు. నరాల మీది పొర అక్కడక్కడా పాడైందనీ, ఒంట్లో వేడి కాస్త పెరిగినా కాళ్లకు కబురు అందదనీ డాక్టరు చెప్పారు. చల్లగా ఉన్న రోజున చేతికర్ర సాయంతో గేటు దాకా నడుస్తుంది, అంతకు మించితే చక్రాల కుర్చీ. అదే వేడి తగిలితే పావుగంటలో మోకాళ్లు పట్టు తప్పుతాయి, చూపు మసకబారుతుంది. తడి తువ్వాలు కప్పి చల్లని గదిలో పడుకోబెడితే ఓ గంటకు మళ్లీ మామూలు మనిషవుతుంది. ముప్ఫై ఏళ్లు ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ చెప్పిన మనిషి కాబట్టి తన జబ్బును కూడా పాఠంలాగే చెప్పేది. "తీగ మీద రబ్బరు ఊడిపోతే కరెంటు సరిగ్గా పోదు కదండీ, ఇదీ అంతే. దానికి మీరెందుకు మొహం అలా పెడతారు?" అనేది. నాకు మాత్రం ఆ డాక్టరు మీదా, ఎండ మీదా, ఆఖరికి ఆ రబ్బరు మీద కూడా కోపం వచ్చేది.

శివరాత్రి వెళ్లగానే ఆమె పడకగదిలో ఏసీ కింద చేరేది. నాంపల్లి మైదానంలో చేపమందు కోసం జనం బారులు తీరే మృగశిర కార్తె దాకా ఆ గదే ఆమెకు ఊరు. అద్దాల్లోంచి సెగ వస్తుందని కర్టెన్లు కూడా తీయడానికి లేదు. అబిడ్స్ నడిబొడ్డున కాపురం ఉంటూ, సుల్తాన్ బజార్ కూతవేటు దూరంలో పెట్టుకుని, మూడు వేసవులు ఆమె వీధి మొహం చూడలేదు. పొద్దు గూకాక తీసుకెళ్లొచ్చు కదా అని మా బంధువులు సలహా ఇచ్చేవారు. ఏప్రిల్లో పొద్దు గూకాక కూడా మా వీధి రాళ్లు సెగలు కక్కుతూనే ఉంటాయని వాళ్లకు తెలియక కాదు, సలహా ఇవ్వడానికి ఖర్చు లేదు కనుక.

నాలుగో వేసవి వస్తోంది. ఒక ఉదయం ఆమె కాలెండరు వైపు చూసి, "మళ్లీ నా జైలు టైమైందండీ" అంది. నవ్వుతూనే అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మాకు కారు ఉంది. ఆ మాటకొస్తే అది ఆమె కారు. ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు తన జీతంతో తాను కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ అంబాసిడర్, పెరుగు రంగుది. కొంగు నడుముకు చెక్కి, స్టీరింగు పక్కనుండే గేరు కర్రను తిప్పుతూ ఆమె అబిడ్స్ చౌరస్తా దాటుతుంటే ట్రాఫిక్ పోలీసు ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయేవాడు. నాకు డ్రైవింగు నేర్పింది ఆమే. నేర్పినన్నాళ్లూ నాకు తల ప్రాణం తోకకు వచ్చింది, అది వేరే సంగతి.

కొత్త కారు కొనుక్కోమన్న ప్రతివాడి కారులోనూ ఆమెను కూర్చోబెట్టి చూశాను. ఆ సీట్లన్నీ గిన్నెల్లా లోతు. అంచు దాటి లోపలికి జరగలేకపోయేది. ఎలాగో జరిగితే మళ్లీ బయటికి రాలేకపోయేది. అంబాసిడర్ ముందు సీటు మాత్రం ఇటు తలుపు నుంచి అటు తలుపు దాకా ఒకే బల్ల. చక్రాల కుర్చీని తలుపు దగ్గరకు ఆనిస్తే, బల్ల మీదికి వెనక్కి కూర్చుని లోపలికి జరుగుతుంది. ఆ తర్వాత రెండు కాళ్లూ నేను చేతులతో ఎత్తి లోపల పెడతాను. ఆమె ఒంటికి సరిపడే కారు నాకు తెలిసి అదొక్కటే. దానికేమో ఏసీ లేదు.

చాదర్‌ఘాట్‌లో ఇద్దరు మెకానిక్కులను అడిగాను. ఒకాయన బానెట్ ఎత్తి చూసి "అమ్ముకోండ్రి సార్" అన్నాడు. రెండో ఆయన బానెట్ ఎత్తకుండానే ఆ మాట అన్నాడు. విషయం ఏమిటంటే, గ్యాసును తిప్పే కంప్రెసరు దొరుకుతుంది, లోపల గాలిని చల్లబరిచే కాయిల్ పెట్టె దొరుకుతుంది, రేడియేటరు ముందు పెట్టే జాలీ దొరుకుతుంది. వాటన్నిటినీ కలిపే పైపులు మాత్రం ఏ బండి పైపులు ఆ బండికే. మా బండి పుట్టినప్పుడు ఏసీ ఊసే లేదు కాబట్టి దాని పైపులు ఈ భూమ్మీద ఎక్కడా లేవు. ఎవరో ఒకరు చేతితో చేయాలి.

అలా చేసే మనిషి నాంపల్లి స్టేషను వెనక సందులో ఉన్నాడని మా టైర్ల షాపతను చెప్పాడు. ఇస్త్రీ దుకాణం పక్కన, రెండు మంచాలు పట్టేంత జాగా. పైకప్పు నుంచి రకరకాల వంపులు తిరిగిన అల్యూమినియం పైపులు వేలాడుతుంటే నాకు పొట్లకాయల పందిరి గుర్తొచ్చింది. వాటి కింద స్టూలు మీద డెబ్బై ఏళ్ల బక్కపలచని మనిషి, నుదుట కుంకుమ బొట్టు, చెవికి కట్టిన దారంతో కళ్లద్దాలు. అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను.

ఆయన బానెట్ ఎత్తి చాలాసేపు ఊరికే చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంతసేపు చూడరు. నేను ఓపిక పట్టలేక అడిగాను. "అయితదా ఉస్తాద్?"

"అయితది."

"కొలతలు తీసుకోరా మరి?"

"టేపు పెడ్తె పొడుగు తెలుస్తది సార్. దారి తెల్వది. బండే చెప్తది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎవలి కోసం సార్? గీడ పక్కన ఎవలు కూసుంటరు?" అని అడిగాడు.

ఇక్కడే నేను తప్పు చేశాను. మాది తాతల కాలం నుంచి ఈ ఊళ్లో గుమాస్తాగిరీ చేసిన కుటుంబం. ఇంట్లో జబ్బు గడప దాటకూడదని మా నాయనమ్మ నాడు పెట్టిన నియమం. మా పెదనాన్నకు క్షయ ఉండిందని ఆయన పోయిన పదేళ్లకు గానీ నాకు తెలియలేదు. మా ఆవిడ వాళ్లది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, వాళ్లింట్లో తుమ్ము కూడా వీధంతా చర్చకు వస్తుంది. ఈ విషయంలో ఆమె నన్ను ఎన్నిసార్లు వెక్కిరించిందో లెక్క లేదు. అయినా అలవాటు పోలేదు.

"నా కోసమే. జర షౌక్, సరదాకు" అన్నాను. "అప్పుడప్పుడు ఇంట్లవాళ్లు కూసుంటరు."

ఆయన తల ఊపాడు.

ఆయన పద్ధతి వేరు. కంప్రెసరు, కాయిల్ పెట్టె బిగించాక, నేరుగా పైపు ముట్టుకోలేదు. ముందు లావుపాటి జీఐ తీగ తీసుకుని, పైపు ఎక్కడెక్కడ పోవాలో ఆ దారంతా తీగతో వంచి బండిలో కట్టాడు. ఇంజిను దగ్గర మొదలై, ముందు గోడలో రంధ్రంలోంచి లోపలికి వచ్చి, డాష్‌బోర్డు కింది పెట్టెలో చేరే తీగ. చుట్టుపక్కల ఇనుమంతటికీ తడి సుద్ద పూశాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. "ఇంజిను దిక్కు ఊగుడుంటది సార్, బాడీ దిక్కు ఉండది. నడుమల పైపు ఇద్దరితోని మంచిగుండాలె. ఎవరికి రాసుకున్నా తెగుతది. మూడు దినాలు గిట్లనే తిప్పుండ్రి. ఏడ రాసుకుంటె ఆడ సుద్ద పోతది." బండి నాకు అప్పజెప్తూ మళ్లీ అన్నాడు. "పక్కన కూసునేటోళ్లను గూడ కూసోవెట్టుకొని తిప్పుండ్రి. మర్చిపోకుండ్రి."

మార్చి నెలాఖరు. బయట కొలిమిలా ఉంది. ఏసీ రాకముందే ఏసీ కోసం ఆమెను ఆ ఎండలో తిప్పడమా? పక్కన మనిషి బరువు ఉంటే చాలనుకున్నాను. ఆ వారమే వచ్చిన బియ్యం బస్తాలు రెండు, ఇరవై ఐదు కిలోలవి, సీటు మీద పక్కపక్కన పెట్టాను. సరిగ్గా ఆమె బరువు. నా తెలివికి నాకే ముచ్చటేసింది. మూడు రోజులు ఆ బియ్యంతో అబిడ్స్, కోఠి, నాంపల్లి షికారు చేశాను.

నాలుగో రోజు బస్తాలు దించడం మరిచిపోయి అలాగే సందులోకి వెళ్లాను. ఉస్తాద్ తలుపు తీసి చూశాడు.

"గిదేంది సార్?"

"బరువు కోసం ఉస్తాద్. మీరే అన్నరు గద."

ఆయన బస్తాల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "బియ్యానికి ఉక్కపొయ్యది సార్" అని మాత్రం అని సుద్ద గుర్తులు చూసుకోవడానికి బానెట్ కింద తల దూర్చాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాల్సింది ఆయన అని తర్వాత తెలిసింది.

వారంలో పని అయింది. స్విచ్చి వేస్తే నిజంగానే చల్లటి గాలి ముఖానికి కొట్టింది. ఆ పాత డాష్‌బోర్డు కిందనుంచి అలాంటి గాలి రావడం చూసి చిన్నపిల్లాడిలా నవ్వాను. ఉస్తాద్‌కు రెండు చేతులూ జోడించి, ఇంటికి వచ్చి, ఆ మధ్యాహ్నమే ఆమెను తయారవమన్నాను. ఆమె ఆకుపచ్చ అంచు చీర కట్టుకుంది. నాలుగేళ్లలో వేసవి మధ్యాహ్నం బయటికి వెళ్లడానికి చీర మార్చుకోవడం అదే మొదలు.

బల్ల మీద కూర్చుంది, జరిగింది. నేను కుడి కాలు ఎత్తి లోపల పెట్టాను. ఎడమ కాలు ఎత్తాను. పోలేదు. ముందు గోడలోంచి లోపలికి వచ్చే పైపు వంపు సరిగ్గా ఆమె పాదం వెళ్లాల్సిన చోట ఉంది. ఆమె ఎడమ మోకాలు పూర్తిగా మడత పడదు. మామూలు మనిషి అయితే కాలు కాస్త వెనక్కి లాక్కుంటాడు, పైపు ఉందని కూడా తెలియదు. ఆమె లాక్కోలేదు. వంచి చూశాను, పక్కకు తిప్పి చూశాను, కుడి కాలు తీసి మళ్లీ పెట్టి చూశాను. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి చల్లదనమంతా పోయి వేడి వచ్చి కూర్చుంది. పావుగంట గడిచేసరికి ఆమె తల సీటుకు ఆనించేసింది.

"వదిలేయండి. పైపు ముందొచ్చింది, నా కాలు ఆలస్యంగా వచ్చింది" అంది. మాట ముద్దగా వచ్చింది. అప్పటికే మోకాళ్లు జారిపోయాయి. నేనూ మా వాచ్‌మనూ కలిసి ఆమెను మోసుకెళ్లి మంచం మీద వేశాం. తడి తువ్వాలు కప్పాను. ఆ ఆకుపచ్చ అంచు చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. నేను వంటింట్లోకి వెళ్లి, ఎవరూ చూడకుండా ఏడ్చాను.

గంటకు ఆమె కళ్లు తెరిచింది. "ఆ పైపు చేసినాయన్ని పిలవండి" అంది.

"ఎందుకు? అయిపోయింది గద. తీసేయమని చెప్తా."

"తీయడానికి కాదు. ఆయన నా కాళ్లు చూడలేదు. చూస్తే కదా తెలిసేది. మీరు ఆయనకు ఏం చెప్పారు?"

నేను బియ్యం సంగతి చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. తడి తువ్వాలు కింద ఒళ్లంతా కదిలేలా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, "మీ నాయనమ్మ ఇంకా మన గడప మీద కూర్చునే ఉంది" అంది.

మరునాడు పొద్దున ఆరింటికి, ఇంకా గాలి చల్లగా ఉండగానే ఉస్తాద్ తన మోపెడ్ మీద వచ్చాడు. ఆమె చక్రాల కుర్చీలో కారు పక్కన ఉంది. ఆయన ఆ కుర్చీని చూసి ఆగిపోయాడు.

"రండి ఉస్తాద్ గారూ. మీ పని తప్పేమీ లేదు. నా సంగతి మీకు మావారు చెప్పలేదు" అంది ఆమె.

"చెప్పలే అమ్మా. బియ్యం తెచ్చిన్రు" అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "నాకు తెల్వకుంటె నా చేతికెట్ల తెలుస్తది సార్?" అన్నాడు. అరవై ఏళ్లు దాటిన నాకు ఎవరి ముందూ అంత సిగ్గు వేయలేదు.

తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, "అమ్మా, ఏమనుకోకపోతె ఒక్కసారి ఎక్కుండ్రి" అన్నాడు. ఆమె ఎక్కింది. కాళ్లు నేను ఎత్తాను. ఆయన పైపు వైపు చూడలేదు, ఆమె కాళ్ల వైపే చూస్తున్నాడు. "ఇంకొక్కసారి" అన్నాడు. ఆమె దిగి, మళ్లీ ఎక్కింది.

"ఎడమ కాలు సీద రాదు సార్" అన్నాడు చివరికి. "మడమ గీడికెళ్లి మొదలైతది, ఇట్ల బయటికి తిరిగి, అర్ధచంద్రం లెక్క లోపటికి వస్తది. చూసిన్రా?" గాలిలో వేలితో గీసి చూపించాడు. ఆ కాలును నాలుగేళ్లుగా నా చేతులతో ఎత్తి పెడుతున్నది నేను. దాని దారి ఆయన రెండుసార్లు చూసి చెప్పాడు.

పాత పేపరు ఒకటి ఆమె పాదాల కింద పరిచి, చెవి మీద పెన్సిల్ తీసి, "ముట్టుకోవచ్చునా అమ్మా?" అని అడిగాడు.

"ముట్టుకున్నా నాకు సరిగ్గా తెలియదులెండి" అంది ఆమె.

"అయినా అడగాలె గద" అన్నాడాయన. ఆ రెండు పాదాల చుట్టూ మెల్లగా గీత గీశాడు. గీస్తుండగా ఆమెలోని టీచరు ఊరుకోలేదు. "మీ మిషను చల్లదనాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుందండీ?" అని పరీక్ష పెట్టింది.

"చల్లదనం తెచ్చుడు ఏముండది అమ్మా. లోపటున్న వేడిని ఎత్కపోయి బయట పారేస్తది. గంతే."

ఆమె ముఖం వెలిగిపోయింది. "ముప్ఫై ఏళ్లు పదో క్లాసుకు ఇదే చెప్పాను. ఒక్కళ్లూ ఇంత సూటిగా రాయలేదు" అంది. వెళ్లేటప్పుడు, పాదాల ఎత్తు తెలియాలి కదా అని తన బూట్లు కూడా ఇచ్చి పంపింది. ఆయన పేపరును నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి రెండు రోజులూ నేను ఆ సందులోంచి కదల్లేదు. మొదటిసారి పని అప్పగించి వెళ్లిపోయాను. ఈసారి చూడాలనిపించింది. ఆయన గ్యాసు దించి, తాను చేసిన పైపును ఊడదీసి, పక్కన పెట్టాడు. బండిలో కాళ్లు పెట్టే చోట ఆ పేపరు పరిచి, గీతల మీద ఆమె బూట్లు పెట్టాడు. వాటిలో గుడ్డలు కుక్కి నిండుగా చేశాడు. దుకాణంలోకి వచ్చిన వాళ్లెవరైనా లోపలికి తొంగి చూస్తే, "ఆ బూట్లు ముట్టకుండ్రి, ఆడ మనిషుంది" అనేవాడు.

తీగతో కొత్త దారి వంచాడు. గోడలోంచి వచ్చిన వెంటనే పైకి లేచి, డాష్‌బోర్డు అంచు కిందుగా పక్కకు నడిచి, ఎడమ కాలి అర్ధచంద్రానికి బయటి నుంచి చుట్టుకుని, పెట్టెలోకి దిగే దారి. నాలుగు వంపులు, ఏ రెండూ ఒక దిక్కుకు లేవు. తర్వాత సాఫీగా ఉన్న కొత్త పైపు తీశాడు.

ఒక కొసకు చెక్క బిరడా కొట్టి, జల్లెడ పట్టిన ఎండు ఇసుక పైపు నిండా పోశాడు. ఇసుక లేకపోతే వంచినచోట పైపు చప్పబడి దారి మూసుకుపోతుందట. చిన్న కర్రతో కొడుతూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ, ఇంకా పోశాడు. బోలు శబ్దం పూర్తిగా పోయాక రెండో బిరడా. ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి నాకు మతి పోయింది. బట్టల సబ్బు ముక్క తీసుకుని వంచాల్సిన చోట పైపు మీద రుద్దాడు.

"సబ్బెందుకు ఉస్తాద్?"

"వేడి చెయ్యకుంటె ఇది వంగది, పలుగుతది. ఎంత వేడి చెయ్యాల్నో ఎట్ల తెలుస్తది? ఇనుమైతె ఎర్రగయి చెప్తది సార్. అల్యూమినియం చెప్పది. చెప్పకుంటనే కరిగి కింద పడ్తది. అందుకనే సబ్బును అడుగుడు."

నన్నే అంటున్నాడేమో అనుకున్నాను. కాదు, ఆయన పైపు సంగతే చెబుతున్నాడు.

మంట చూపించాడు. తెల్లటి సబ్బు చార పసుపు పచ్చగా మారింది, తర్వాత వేగిన కాఫీ గింజ రంగుకు వచ్చింది. ఆ క్షణానే మంట తీసేశాడు. ఇంకొంచెం ఉంచితే నల్లబడుతుంది, నల్లబడితే పైపు ఖరాబు. చల్లారాక, గాడి తీసిన గుండ్రటి చెక్కకు ఆనించి, రెండు చేతులతో వంచాడు. తొందర లేదు. బండి దగ్గరకు వెళ్లి ఆ బూట్ల వైపు చూసి వస్తాడు, కళ్లు సగం మూసుకుని ఇంకాస్త వంచుతాడు. ఆ ముదురు వేళ్ల కింద లోహం మెత్తబడి చెప్పినట్టు వినడం నేను చూశాను. ఇలా వంచిన మొదటి పైపు మూడో వంపులో చిన్న ముడత పడింది. నాకైతే కనిపించలేదు, వేలు పెట్టి చూపిస్తే తెలిసింది. ఆయన దాన్ని పక్కన పారేసి, మళ్లీ ఇసుక జల్లించడం మొదలుపెట్టాడు.

రెండోది కుదిరింది. ఇసుక తీయడం మరో వ్రతం. కొట్టి దులిపాడు, నైట్రోజన్ సిలిండరుతో ఊదాడు, మందు పోసి కడిగాడు. దారానికి తెల్లగుడ్డ కట్టి ఒక కొస నుంచి మరో కొసకు లాగాడు. గుడ్డ మీద మూడు రేణువులు. మళ్లీ కడిగాడు. ఒక్క రేణువు మిగిలినా కంప్రెసరు పని అయిపోతుందట. నాలుగో గుడ్డ నా చేతికిచ్చి, "మీరు చూడుండ్రి సార్" అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతురులోకి వెళ్లి, అటూ ఇటూ తిప్పి చూశాను. తెల్లగా ఉంది. ఇంట్లో జబ్బు దాచి ఆయన కష్టాన్ని పాడుచేసిన నన్ను ఆయన ఆ పనికి నమ్మాడు.

ఇంజిను వైపు ఊగే భాగానికి రబ్బరు గొట్టం కలిపాడు. అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు పూసి ఒక్క బుడగ అయినా వస్తుందేమోనని చాలాసేపు చూశాం. రాలేదు. లోపలి పైపుకు నల్లటి ఫోము చుట్టాడు. "అమ్మకు కాలు తగిలినా తెల్వది అన్నది గద. చల్లటి పైపు అట్లనే తగిలి ఉంటె చర్మం పాడైతది" అన్నాడు. ఆమె నవ్వుతూ అన్న మాటను ఆయన నవ్వులో వదిలేయలేదు.

ఏప్రిల్ నెల మూడో వారం, మధ్యాహ్నం రెండు గంటలు. కుక్కలు కూడా కార్ల కిందికి చేరిన సమయం. ముందు పావుగంట బండి ఆన్ చేసి లోపల చల్లబరిచాను. అదే ఆకుపచ్చ అంచు చీర. ఆమె బల్ల మీద కూర్చుని జరిగింది. కుడి కాలు పెట్టాను. ఎడమ కాలు ఎత్తాను. మడమ బయటికి తిరిగింది, అర్ధచంద్రంలా లోపలికి వచ్చింది, కింద ఆనింది. దారి పొడుగునా పైపు ఎక్కడా ఎదురు రాలేదు. నేను తలుపు వేయడం మరిచిపోయి ఆ పాదాన్నే చూస్తున్నాను.

"తలుపండీ, వేడి వస్తోంది" అంది.

అబిడ్స్ అంతా ఆమె బోర్డులు పైకి చదువుతూనే ఉంది. "ఇక్కడ పెన్నుల షాపు ఉండేది కదా? ఎప్పుడు తీసేశారు?" నాకు తెలియదు. "ఈ చెట్టు ఎవరు కొట్టేశారు?" అదీ తెలియదు. "రోజూ ఇటే తిరుగుతారు, ఏం చూస్తారండీ మీరు?" అని కేకలేసింది. కేకలు వేసినంత సేపూ నాకు హాయిగా ఉంది.

నాంపల్లి సందులో బండి ఆపాను. ఉస్తాద్ బయటికి వచ్చాడు, తల మీద తడి రుమాలు. ఆమె అద్దం రెండు వేళ్ల సందు దించింది. చల్లగా వస్తోందా అని ఆయన అడగలేదు. వంగి, అద్దంలోంచి ఆమె పాదాల వైపు చూశాడు.

"ఆరామ్‌గ ఉన్నయా అమ్మా?"

"ఉన్నాయండీ. చాలా బాగున్నాయి."

"అయితె అద్దం ఎక్కించుండ్రి" అని, చెయ్యి ఎత్తి, లోపలికి వెళ్లిపోయాడు. ఆయన మండుతున్న ఎండలో నిలబడి మమ్మల్ని అద్దం ఎక్కించుకోమన్నాడని రెండు వీధులు దాటాక గానీ నాకు తట్టలేదు.

మొజంజాహీ మార్కెట్ ఎదురుగా బండి ఆపి, ఇంజిను అలాగే ఉంచి, సీతాఫలం ఐస్‌క్రీం దొరక్క మామిడిపండుది రెండు కప్పులు తెచ్చాను. ఆ కాస్త దూరానికే చొక్కా తడిసిపోయింది, నడినెత్తి మాడిపోయింది. తిట్టుకుంటూ వచ్చి బండిలో కూర్చుని కప్పు అందించాను. ఆమె అందుకోలేదు. నా వైపు చూడలేదు కూడా.

ఎదురుగా మార్కెట్ రాతిగోడల మీద ఎండ పడుతోంది. బండరాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. గడియారం స్తంభం నీడ మెట్ల మీద చిన్నగా, నల్లగా పడుకుని ఉంది. పండ్ల దుకాణం ముందు మామిడిపండ్ల గుట్ట దీపాలు పెట్టినట్టు ఉంది. మూడు వేసవులు కర్టెన్ల వెనక కూర్చున్న మనిషి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, కళ్లార్పకుండా చూస్తోంది. ఆమె చెంప మీద నీళ్లు ఉన్నాయి. అవి చెమట కాదు.

"ఏమండీ, ఎండ ఎంత బాగుందో చూడండి" అంది.

ఐస్‌క్రీం పక్కన పెట్టి చూశాను. నాలుగేళ్లుగా నేను తిట్టిపోస్తున్న ఎండే. నిజంగానే బాగుంది.